తెల్లబట్ట తిరగబెడుతుంటే: అప్పుకు ముందు అడగవలసిన మాటలు

(వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం సభ్యులం కలిసి రాసుకుని చదివిన ప్రసంగం)



లెక్కలు చదవడం అయింది. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజి ఎంత, స్త్రీనిధి కిస్తీలు ఎన్ని బాకీ అన్నీ విన్నారు. మన సంఘాల పుస్తకాల్లో అప్పు దేనికి అని రాసే గడి ఒకటి ఉంటుంది కదా. గేదెకయితే గేదె అని రాస్తాం. కుట్టుమిషనుకయితే మిషను అని రాస్తాం. జబ్బుకయితే మాత్రం ‘ఆరోగ్యం’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటాం. ఏ ఆరోగ్యమో చెప్పం, పక్కన కూర్చున్నామె అడగదు. అడగకపోవడం మర్యాదే. కానీ ఆ ఒక్క మాట కింద దాక్కునే వాటిలో ఒకటుంది. జబ్బు చూస్తే చిన్నది, దాని పేరు మీద అయ్యే ఖర్చు చూస్తే పెద్దది. దాని గురించే మేము ఇప్పుడు మాట్లాడతాం. తెల్లబట్ట గురించి.

“వేదిక మీద సార్లు కూర్చోని ఉంటారు, ఎట్టా మాట్లాడతారే మీరు?” అని పొద్దున ఒక పెద్దమ్మ అడిగింది. దూబగుంట మన నెల్లూరు జిల్లాలోదే. 1990ల మొదట్లో సారా మీద తిరగబడిన ఆడవాళ్ల ఊరు అది. మొగుడు తాగి కొట్టే సంగతి ఇంటి గుట్టు, బయట చెప్పగూడదు అనే రోజులవి. నలుగురు కూర్చుని ఆ గుట్టు విప్పి మాట్లాడుకున్నాకనే సారా అంగళ్లు మూతపడ్డాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. సారాకు పోయే డబ్బులో రోజుకొక రూపాయి పక్కన పెడదామన్న ఆలోచన కూడా ఈ జిల్లాలోనే పుట్టి పొదుపు సంఘాలయింది. కాబట్టి ఈ మాట ఈ సభలో మాట్లాడడానికి మాకు సిగ్గు లేదు. సార్లు కూడా వినొచ్చు, వాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లున్నారు.

మొదట ఒకటి. ప్రతి తెల్లబట్టా జబ్బు కాదు. నెలసరికీ నెలసరికీ నడుమ, అండం విడుదలయ్యే రోజుల్లో, గుడ్డులో తెల్లసొన మాదిరి జారుగా అవుతుంది. వాసన ఉండదు, దురద ఉండదు. కడుపుతో ఉన్నప్పుడు ఇంకొంచెం ఎక్కువే అవుతుంది. అది ఒంటి తీరు, దానికి మందు అక్కర్లేదు. “ఎముకలు కరిగి కారిపోతున్నాయి, అందుకే నడుం నొప్పి” అని మన పెద్దవాళ్లు అంటారు. ఎముకలు కరిగి కారవు. నడుం నొప్పి నాట్లలో రోజంతా వంగినందుకు రావచ్చు. నీరసం రక్తం తక్కువై రావచ్చు. ఆ రెంటికీ వేరే వైద్యం ఉంది. తెల్లబట్ట మీద నేరం మోపితే ఆ వైద్యం జరక్కుండా పోతుంది.

జబ్బు ఎప్పుడంటే, విపరీతమైన దురద ఉన్నప్పుడు. ఒంటికి పోయేటప్పుడు మంట, ఎర్రగా వాచడం, భర్తతో కలిసినప్పుడు నొప్పి, విరిగిన పాల ముక్కల్లాగా, తోడుకున్న పెరుగులాగా తెల్లగా గట్టిగా పడడం. ఈ లక్షణాలు ఉంటే అది చాలావరకు ఈస్టు అనే బూజు జాతి సూక్ష్మజీవి పని. దీని పేరు కాండిడా. ఈస్టు అంటే కొత్తదేమీ కాదు. పొద్దున తీసిన తాటికల్లు మధ్యాహ్నానికి పొంగి పులిసేది ఈస్టు వల్లే. బేకరీ రొట్టె పొంగేదీ దానివల్లే. కల్లులో ఉండేది వేరే రకం, మనల్ని బాధపెట్టేది వేరే రకం, అంతే తేడా.

ఈ కాండిడా బయటినుంచి వచ్చి మీద పడే దొంగ కాదు. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో కూడా చాలామంది ఒంట్లో కొంచెం కొంచెం ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టేది ఇంకో జాతి సూక్ష్మజీవులు. పాలు పెరుగయ్యేది ఎవరివల్లో, దాదాపు ఆ జాతివే. అవి యోనిలో పులుపు నిలబెడతాయి. (అలాగని పెరుగు అక్కడ రాయమని మేము చెప్పడం లేదు. అట్లా రాసినందువల్ల జబ్బు తగ్గుతుందని రుజువు లేదు.) ఏదో కారణాన ఆ కాపలా తగ్గినప్పుడు, లేదా ఈస్టుకు తిండి ఎక్కువ దొరికినప్పుడు, అది పెచ్చుమీరుతుంది. షుగరు జబ్బు అదుపులో లేకపోతే అట్లా అవుతుంది. కడుపుతో ఉన్నప్పుడు అవుతుంది. స్టిరాయిడ్ మందులు వాడేవాళ్లకు అవుతుంది. జలుబుకీ, ఒళ్లునొప్పులకీ, ప్రతిదానికీ యాంటీబయాటిక్ మింగేవాళ్లకు మరీ అవుతుంది. ఆ మందు చెడ్డ సూక్ష్మజీవులతో పాటు కాపలా ఉన్నవాటినీ చంపేస్తుంది, ఈస్టును మాత్రం ముట్టుకోదు.

ఈ చివరి సంగతిలో మన తెలుగువాడి పేరు ఒకటుంది. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. బోదకాలుకు మనకు పంచే డీఈసీ మాత్ర ఆయన బృందం నుంచి వచ్చిందే. ఆయన పర్యవేక్షణలోనే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికొచ్చింది. అలాంటి మందులు ఎన్నో ప్రాణాలు కాపాడాయి. వాటి వెంటే ఈస్టు బాధలు కూడా పెరిగాయి. అప్పుడు దానికి మందు వెతికింది ఇద్దరు ఆడవాళ్లు. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్కు నగరంలో, రేచెల్ బ్రౌన్ ఆల్బనీ ఊళ్లో. ఒకామె మట్టిలోని సూక్ష్మజీవుల్ని పెంచి సీసాలో పెట్టి పోస్టులో పంపేది, ఇంకొకామె అందులోంచి మందు తీసి తిరుగు పోస్టులో పంపేది. ఒక పాడి రైతు పొలంలోని మట్టిలో దొరికింది వాళ్లకు కావలసింది. దానికి నిస్టాటిన్ అని పేరు పెట్టి 1950లో లోకానికి చెప్పారు. ఆ మందు మీద వచ్చిన రాయల్టీ 1 కోటి 30 లక్షల డాలర్లకు పైనే. అందులో ఒక్క డాలరు కూడా ఇద్దరూ సొంతానికి వాడుకోలేదు. అంతా పరిశోధనలకు నిధి కింద పెట్టారు. పొదుపు సంఘం వాళ్లం కాబట్టి ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాం.

అయితే నిస్టాటిన్‌కు ఒక లోపం ఉంది. మింగితే పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కదు. బాధ ఉన్నచోటే పెట్టుకోవాలి. నోటితో మింగి లోపలి బూజును చంపే మాత్ర తర్వాత వచ్చింది. అమెరికాలో 1981లో కీటోకోనజోల్‌కు అనుమతి ఇచ్చారు. అది కొందరికి కాలేయం చెడగొడుతుందని తేలి, 2013లో యూరపు దేశాల్లో ఆ మాత్రను నిలిపేశారు. దాని తర్వాత ఇంగ్లండులో తయారైనది ఫ్లూకోనజోల్. 1990లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈస్టు తన చుట్టూ కట్టుకునే పొరకు కావలసిన ఒక కొవ్వు పదార్థం తయారుకాకుండా ఈ మందు అడ్డుపడుతుంది. గోడకు సున్నం అందకపోతే ఇల్లు ఎట్లా నిలవదో అట్లా. ఈరోజు మందులషాపులో 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి, ఒక పూట టిఫిను ఖర్చుకు మించకుండా దొరుకుతుంది.

ఒకసారి వచ్చిన మామూలు ఈస్టు బాధకు ఆ ఒక్క మాత్ర చాలు. రాత్రి మింగితే తెల్లారేసరికి తగ్గిపోవాలని చూడవద్దు. మందు ఒంట్లో నాలుగైదు రోజులు ఉండి పనిచేస్తుంది, దురద తగ్గడానికి రెండు మూడు రోజులు పడుతుంది. తగ్గలేదని మర్నాడే ఇంకోటి, ఆ మర్నాడు ఇంకోటి మింగేవాళ్లు ఉన్నారు. అది పద్ధతి కాదు.

మాకు అసలు చెప్పాలనిపించింది తిరగబెట్టే వాళ్ల సంగతి. ఏడాదిలో మూడు నాలుగు సార్లు వస్తే దాన్ని డాక్టర్లు పదేపదే వచ్చే జబ్బుగా లెక్కపెడతారు. ఇలాంటి వాళ్లు నూటికి అయిదుగురు దాకా ఉంటారని వైద్య పుస్తకాలు చెప్తాయి. వీళ్లు ఏం చేస్తారో మనందరికీ తెలుసు. దురద వస్తుంది, పాత చీటీ పట్టుకుని షాపుకు పోతారు, ఒక మాత్ర తెచ్చుకుంటారు, తగ్గుతుంది. నెలా రెండు నెలలకు మళ్లీ వస్తుంది, మళ్లీ చీటీ. ఇట్లా ఏళ్ల తరబడి. “ఇది నా ఒంటికి రాసిపెట్టి ఉండాది” అనుకుంటారు.

రాసిపెట్టిందేమీ లేదు. తిరగబెట్టే దానికి వైద్యం తీరే వేరు. మొదట మాత్రను ఒకటో రోజు, నాలుగో రోజు, ఏడో రోజు వేస్తారు. తర్వాత వారానికి ఒకటి చొప్పున ఆరు నెలలు. అంటే వారాల లెక్కన ఇరవై ఆరు మాత్రలు. దీన్ని అమెరికాలో జాక్ సోబెల్ అనే డాక్టరు బృందం 387 మంది ఆడవాళ్లతో చేసి చూసి 2004లో ప్రచురించింది. సగం మందికి నిజమైన మాత్ర, సగం మందికి మందులేని ఉత్త మాత్ర. ఆరు నెలలు అయ్యేసరికి నిజమైన మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 91 మందికి జబ్బు రాలేదు. ఉత్త మాత్ర వాళ్లలో 36 మందికే రాలేదు. మాత్ర ఆపేసి మరో ఆరు నెలలు గడిచాక మళ్లీ చూస్తే, మొదటివాళ్లలో 43 మంది, రెండోవాళ్లలో 22 మంది బాగున్నారు.

ఈ అంకెలను దాచకుండా పూర్తిగా చెప్పాం, ఎందుకంటే ఇందులో రెండు సంగతులున్నాయి. ఆరు నెలల కోర్సు బాగా పనిచేస్తుంది. కానీ ఆపాక సగానికి పైగా మందికి మళ్లీ వస్తుంది. మళ్లీ వచ్చిందంటే మందు మోసం చేసిందని కాదు, మీరు ఏదో తప్పు చేశారనీ కాదు. మళ్లీ డాక్టరు దగ్గరికి పోయి, మళ్లీ పరీక్ష చేయించి, మళ్లీ కోర్సు మొదలుపెట్టడమే. బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నాం కదా, అది మానితే బీపీ మళ్లీ పెరుగుతుంది కదా. దానికి ఎవరూ ఏడవరు. వారానికి ఒక మాత్ర గుర్తుపెట్టుకోవడం కష్టమనేవాళ్లకు మా సలహా: పొదుపు కట్టే వారం ఏదో, అదే వారం. శనివారం పొదుపు కట్టేవాళ్లు శనివారం మాత్ర.

పరీక్ష అన్నాం కదా, అది ఎందుకో చెప్తాం. తెల్లబట్ట పేరుతో వచ్చేవాటిలో ఈస్టు ఒకటే కాదు. చేపల వాసనతో పలచగా బూడిదరంగులో అయ్యేది బాక్టీరియా వల్ల. పసుపు పచ్చగా నురగ నురగగా అయ్యేది ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి వల్ల. ఆ రెంటికీ ఫ్లూకోనజోల్ ఎన్ని మింగినా ఉపయోగం లేదు. వాటికి మెట్రోనిడజోల్, సెక్నిడజోల్ వంటి వేరే మాత్రలున్నాయి. అందుకే ప్రభుత్వం వాళ్లు రెండు రకాల మందూ కలిపి ఆకుపచ్చ రంగు ప్యాకెట్టులో, కిట్ 2 అని, ఉచితంగా ఇస్తారు. అందులో సెక్నిడజోల్ ఉంటుంది, ఫ్లూకోనజోల్ 150 ఒకటి ఉంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు అది మంచి ఏర్పాటే. పదేపదే వచ్చేవాళ్లు మాత్రం అదే ప్యాకెట్టు మళ్లీ మళ్లీ తెచ్చుకోవడం దగ్గర ఆగిపోకూడదు. లోపలి తడిని కొంచెం తీసి గాజు పలక మీద పెట్టి, ఒక చుక్క మందు వేసి మైక్రోస్కోపులో చూస్తే ఈస్టు దారాల్లాగా కనిపిస్తుంది. నిమిషాల పని. కొన్నిసార్లు సాగు చేసి చూడాలి. ఎందుకంటే కాండిడాలో గ్లాబ్రాటా అనే రకం ఈ మాత్రకు సరిగా లొంగదు, దానికి మందు వేరు. మన పీహెచ్‌సీలో ఆ పరీక్ష కుదరకపోతే ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రికో, నెల్లూరు పెద్దాసుపత్రికో చీటీ రాయించుకోండి. పెద్దాసుపత్రుల్లో సురక్ష క్లినిక్కులని ఉంటాయి, అక్కడ ఈ సంగతులే చూస్తారు. అదే పోకలో షుగరు పరీక్ష కూడా చేయించండి. తిరగబెట్టే ఈస్టు వెనక, తెలియకుండా ఉన్న షుగరు బయటపడిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు.

షుగరు మాట వచ్చింది కాబట్టి, ఇప్పటికే షుగరుకు మాత్రలు వేసుకునే అక్కలు మూడు మాటలు వినాలి. మీ మాత్ర పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉందేమో అట్ట మీద చదివించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అట్లా. ఇవి మంచి మందులు, గుండెకీ కిడ్నీకీ కూడా మేలు చేస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్‌కు 2020లో పేటెంటు తీరాక ధర తగ్గి ఊళ్లలో కూడా బాగా వాడుతున్నారు. కానీ ఇవి రక్తంలోని చక్కెరను ఒంటిలోంచి, అంటే మూత్రంలోకి తోసేస్తాయి. అక్కడ తీపి ఉంటే ఈస్టు ఊరుకుంటుందా? ఈ మాత్ర మొదలుపెట్టాకనే దురద మొదలైందనిపిస్తే డాక్టరుకు ఆ మాటే చెప్పండి. మీకై మీరు మాత్ర ఆపవద్దు. రెండో మాట. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగరు మాత్రలతో ఫ్లూకోనజోల్ కలిస్తే షుగరు బాగా పడిపోవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలి. మూడోది, ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్తే మోతాదు చూసి ఇస్తారు. చెప్పకపోతే ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

ఇంకా కొందరు ఈ మాత్ర జోలికి డాక్టరు లేకుండా పోకూడదు. కడుపుతో ఉన్నవాళ్లు, నెల తప్పిందేమో అని అనుమానం ఉన్నవాళ్లు అసలు మింగకూడదు. వాళ్లకు లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు ఉన్నాయి, వారం రోజులు పెట్టుకుంటే సరిపోతుంది. ఆరు నెలల కోర్సులో ఉన్నవాళ్లు ఆ కాలమంతా గర్భం రాకుండా చూసుకోవాలి. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవాళ్లు, గుండె కవాటం మార్చుకుని రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు, టీబీ మందుల్లో రిఫాంపిసిన్ వాడేవాళ్లు, కామెర్లు వచ్చినవాళ్లు, అందరూ ముందుగా తమ పాత చీటీలన్నీ డాక్టరుకు చూపించాలి. సంచిలో చీటీలు మడిచి దాచుకునేది దానికే కదా.

భర్తల సంగతి ఒకటుంది, దీన్ని తొందరగా దాటేయలేం. ఈస్టు బాధ వచ్చిందని తెలిసిన ఇళ్లలో “ఎక్కడ తగిలించుకున్నావు” అనే మాట వస్తుంది. ఆమెనూ అంటారు, ఒక్కోసారి ఆమే ఆయన్ని అనుమానిస్తుంది. ఈస్టు అట్లా తిరుగుళ్ల వల్ల వచ్చే జబ్బు కాదు. పెళ్లికాని పిల్లలకూ వస్తుంది, ముట్లాగిన షుగరు ముసలమ్మలకూ వస్తుంది. సాధారణంగా భర్తకు మందు కూడా అక్కర్లేదు, ఆయనకు దురద ఉంటే తప్ప. ట్రైకోమోనాస్ అయితే మాత్రం ఇద్దరూ కలిసి మందు వాడాలి. ఏ జబ్బో పరీక్షలో తేలకుండానే ఇంట్లో పంచాయితీ పెట్టుకున్న కాపురాలు మేము చూశాం. ఆ అనుమానం తీర్చడానికి కూడా పరీక్ష పనికొస్తుంది.

పూతమందుల గురించి కొంచెం. దురద అనగానే షాపులో ఒక ట్యూబు చేతిలో పెడతారు. అందులో బూజు మందుతో పాటు క్లోబెటసాల్, బీటామెథసోన్ అని స్టిరాయిడ్ కలిసి ఉండొచ్చు. రాయగానే చల్లగా హాయిగా ఉంటుంది, దురద పోతుంది. బూజు మాత్రం పోదు, లోపల్లోపల పెరుగుతుంది. గజ్జల్లో, నడుం చుట్టూ తామర ఎంతకీ మానక దేశమంతా విస్తరించడానికి ఈ ట్యూబులు ఒక కారణమని చర్మ డాక్టర్లు పదేళ్లకు పైగా మొత్తుకుంటున్నారు. ఇలాంటి స్టిరాయిడ్ పూతమందులు చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. నాట్ల కాలంలో నీళ్లల్లో నిలబడి వేళ్ల సందులు పాచినప్పుడు, గిన్నెలు తోమి తోమి గోరుచుట్టు మానకుండా ఉన్నప్పుడు కూడా ఇదే ట్యూబు రాస్తుంటాం. వాటిల్లోనూ ఈస్టు ఉండొచ్చు. ముందు ఆ చోటు పొడిగా ఉంచడమే సగం వైద్యం.

చీటీ లేకుండా మాత్రలు మింగొద్దని ఇంత గట్టిగా ఎందుకంటున్నామంటే, మందు ఎక్కువయ్యేకొద్దీ దానికి లొంగని బూజు పెరుగుతుంది. అది మన ఒంట్లోనే కాదు, నీళ్లలో కూడా. మందుల పొడి తయారుచేసే ఫ్యాక్టరీలు హైదరాబాదు చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. జర్మనీ శాస్త్రవేత్తలు 2016 నవంబరులో అక్కడి పారిశ్రామికవాడ దగ్గరి నీళ్లు పట్టుకుపోయి చూస్తే, ఒకచోట లీటరు మురుగునీటిలో 237 మిల్లీగ్రాముల దాకా ఫ్లూకోనజోల్ తేలింది. మనం డాక్టరు చెప్తే మింగే మాత్రలో ఉండేది 150.

ఇక అప్పు సంగతికి వస్తాం. తెల్లబట్ట ఏళ్లతరబడి తగ్గకపోతే మన ఊళ్లలో వినబడే మాట ఒకటుంది. “పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీయించుకుంటే పీడా పోతుంది. ఉంచుకుంటే క్యాన్సరవుతుంది.” 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు గర్భసంచి తీయించుకున్నవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మంది. అంటే దేశం లెక్కకు మూడింతలు దగ్గర. మన ఆడవాళ్ల గర్భసంచులు మిగతా దేశం వాళ్ల కంటే మూడింతలు చెడ్డవా? అనవసరంగా గర్భసంచులు తీసేయడం మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. దీన్ని అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టాలని 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలన్నిటినీ కోర్టు ఆదేశించింది.

ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈస్టు ఉండేది గర్భసంచిలో కాదు, యోనిలో. గర్భసంచి తీసేసినా యోని అక్కడే ఉంటుంది, ఈస్టూ అక్కడే ఉంటుంది. ఆపరేషన్ అయిన ఆర్నెల్లకు మళ్లీ దురద వచ్చి, “అంత డబ్బు పెట్టినా తగ్గలేదే” అని కళ్లనీళ్లు పెట్టుకున్న సభ్యురాలు మన మధ్యనే ఉంది. ఆమె అప్పు ఇంకా తీరలేదు. దురదకు పోతే పరీక్ష లేకుండా స్కానింగు తీసి, ఆపరేషన్ తేదీ ఇచ్చారు. ఏ ఆసుపత్రో పేరు చెప్పడం ఇక్కడ మా పని కాదు. ముప్ఫయి అయిదేళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఏమవుతుంది? రాత్రికి రాత్రి ముట్లాగిపోయినట్టే. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు త్వరగా రావడం. అండాశయాలు ఉంచినా ముట్లు ఆగే వయసు ముందుకు జరగొచ్చు. కూలికి పోయే మనిషి నడుం చెడితే ఆ ఇంటి లెక్క మొత్తం చెడుతుంది.

గర్భసంచి ఆపరేషన్ అవసరమయ్యేవాళ్లు ఉంటారు. మందులకు తగ్గని రక్తస్రావం, పెద్ద గడ్డలు, బయటికి జారిపోయిన గర్భసంచి, క్యాన్సరు. ముట్లాగాక మళ్లీ రక్తం కనబడినా, కలిసిన తర్వాత రక్తం వచ్చినా ఆలస్యం చేయకుండా పోవాలి. ముప్ఫయి దాటినవాళ్లు ప్రభుత్వాసుపత్రిలో గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకోవాలి. క్యాన్సరు భయానికి మందు ఆ పరీక్షే. భయంతో సంచి తీసేయించుకోవడం కాదు.

కాబట్టి ఉపసంఘం తరఫున ఒక ప్రతిపాదన పెడుతున్నాం. గర్భసంచి ఆపరేషన్‌కని ఏ సభ్యురాలైనా అప్పు అడిగితే, గ్రామ సంఘం అప్పు ఆపకూడదు. కానీ లీడరూ, ఆశా కార్యకర్తా కలిసి ఆమెతో విడిగా కూర్చుని నాలుగు మాటలు అడగాలి. పరీక్ష చేయించారా? షుగరు చూశారా? మందుల కోర్సు పూర్తిగా వాడారా? ప్రభుత్వాసుపత్రి ఆడ డాక్టరుకు ఒకసారి చూపించారా? చూపించకపోతే ఆ చార్జీలు సంఘం ఇస్తుంది, తోడుకు ఒక మనిషిని పంపుతుంది. ఇదంతా తీర్మాన పుస్తకంలో రాయకూడదు. జబ్బు పేరు అసలు రాయకూడదు. పుస్తకం బ్యాంకుకు పోతుంది, ఆడిటుకు పోతుంది. గడిలో ‘ఆరోగ్యం’ అన్న మాటే ఉండనీయండి. దీని మీద రెండు వీవోల లీడర్లు నిన్న మాతో వాదించారు. “అప్పు అడిగినామె జబ్బు సంగతి అడిగే హక్కు మనకెక్కడిది?” అన్నారు. సరైన మాటే. అందుకే అడగడం ఆమె ఒప్పుకుంటేనే అని చేర్చాం. ఒప్పుకోకపోతే అప్పు ఇచ్చి పంపడమే. ఈ ప్రతిపాదన మీద మధ్యాహ్నం చర్చ ఉంది, చేతులెత్తే లోపల మీ సంఘం వాళ్లతో మాట్లాడుకోండి.

భోజనాలయ్యాక వెనక గదిలో ఏఎన్ఎం గారు కూర్చుంటారు. ఆ గదిలోకి మగవాళ్లెవరూ రారు, తలుపు దగ్గర మాలో ఒకరు ఉంటాం. ఒక్కొక్కరే పోయి అడగొచ్చు. వాడుతున్న మాత్రల అట్టలుంటే పట్టుకుపోండి.